రేపటి వైమానికులు, నేటి పరిశోధన

(చందర్లపాడు గ్రామమున చేసిన ఉపన్యాసపు పాఠము)



యుద్ధవిమానములను నడుపువారికి రాబోవు కాలమున ఎట్టి శిక్షణ కావలెను, ఆ శిక్షణకు ముందుగా ఎట్టి పరిశోధన జరుగవలెను అను విషయమును గూర్చి మాటాడుటకు చందర్లపాడు తగిన చోటేనా యని కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నించిరి. విమానములు దుండిగల్ నందున్నవి. ప్రయోగశాలలు బెంగుళూరులోను ఢిల్లీలోను ఉన్నవి. ప్రత్తి, మిరప పండించుకొను ఈ మెట్టప్రాంతమునకు ఈ చర్చతో నేమి పని యని వారి సందేహము. మా సమాధానము స్వల్పము. 2040వ సంవత్సరమున మన దేశపు యుద్ధవిమానములలో కూర్చుండబోవువారు నేడు ఏదో యొక బడిలో ఎక్కములు వల్లించుచున్నారు. ఆ బడి నందిగామలో ఉండవచ్చును, జగ్గయ్యపేటలో ఉండవచ్చును, ఈ వీధి చివరనే ఉండవచ్చును. ఆ బిడ్డను ఏ పరీక్ష ఎంపిక చేయవలెనో, ఏ యంత్రముపై ఆ బిడ్డ నేర్చుకొనవలెనో, ఆ యంత్రము ఆ బిడ్డకు అమరునో లేదో తేల్చవలసిన పరిశోధన నేడే ఆరంభము కావలెను. కావున ఈ విషయమును విచారించు హక్కు తల్లిదండ్రులకు కలదు. హక్కు మాత్రమే కాదు, బాధ్యతయు కలదు.

ముందుచూపు అనగా నేమో మన రైతునకు మరియొకరు బోధింప నక్కరలేదు. గుంటూరు చెంత లాం పరిశోధనా క్షేత్రమున ఒక మిరప రకమును రైతున కిచ్చుటకు ముందు పలు పంటకాలములు నాటి, కోసి, తూచి, తెగుళ్లకు నిలుచునో నిలువదో చూచి, పిమ్మటనే విడుదల చేయుదురు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను; కాలువలకు నీరు వదలినది 1967లో. ఆ రాయి వేయుటకు ఎంతో ముందే నది కొలతలు, నేల పరీక్షలు, కాలువల దారులు నిర్ణయింపబడినవి. కొలత లేక కట్టిన కట్ట తెగును. పరీక్ష లేక చల్లిన విత్తనము మోసగించును. విత్తనమునకు, కట్టకు మనము పాటించు ఈ న్యాయమును మనిషి ప్రాణమున కేల పాటింపరాదు?

కొంత చరిత్ర చెప్పవలసియున్నది. 1918లో బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రనునకు నిజాము ప్రభువు విమానములను కొనియిచ్చెను. ఆ కృతజ్ఞతతో ఆ స్క్వాడ్రనునకు హైదరాబాదు పేరు పెట్టిరి. ధనము తెలంగాణపు, మరాఠవాడపు, కన్నడసీమపు రైతులది, విమానము పరులది, దానిని నడుపు విద్యయు పరులదే. పన్ను కట్టిన రైతు బిడ్డకు ఆ విమానమును తాకు అదృష్టము కూడ లేకపోయెను. 1932 అక్టోబరు 8వ తేదీన భారత వైమానిక దళము చట్టరీత్యా ఏర్పడినప్పుడు తొలి భారతీయ పైలట్లు ఇంగ్లండునందలి క్రాన్‌వెల్‌లో నేర్చివచ్చినవారే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున హైదరాబాదునందలి బేగంపేటలో ప్రారంభ శిక్షణ జరిగెను. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, శిక్షకులకే శిక్షణ నొసగు పాఠశాల అంబాలాలో వెలసెను. 1954లో అది మదరాసు సమీపమున తాంబరమునకు మారెను. 1967 అక్టోబరు 11వ తేదీన రాష్ట్రపతి జాకిర్ హుస్సేను గారు దుండిగల్ నందు వైమానిక దళ అకాడమీకి పునాదిరాయి వేసిరి. 1971లో శిక్షణ మొదలయ్యెను. నేడు దేశమున ఏ మూల పుట్టిన అభ్యర్థియైనను వైమానిక దళ అధికారి కావలెనన్న తెలుగు నేల మీది ఆ ప్రాంగణమునకు రావలసినదే. విమానములు దిగు నేల మనదైనది. ఎట్లు నేర్పవలెనన్న విద్యయు మనది కావలెను గదా! అదియే నేటి ప్రశ్న.

ఆ విద్య మనది కాకపోయిన నేమగునో రెండు ఉదాహరణములతో నివేదించుకొందుము.

మొదటిది. 1963లో మిగ్-21 విమానము మన దళమున చేరెను. ధ్వని వేగమును మించి పోవునది. దిగునప్పుడు సైతము మిక్కిలి వేగముగ దిగునది. నెమ్మదియైన శిక్షణ విమానమున నేర్చిన యువకుడు తిన్నగా ఇట్టి గుఱ్ఱమునెక్కవలసి వచ్చెను. నడుమ ఒక మెట్టు కావలెనని, అనగా ఉన్నత శిక్షణకు తగిన జెట్ విమానము కావలెనని, ఎయిర్ మార్షల్ లా ఫాంటేన్ అధ్యక్షతనున్న సంఘము 1982లో సిఫారసు చేసెను. కొనుగోలు ఒప్పందము కుదిరినది 2004లో. హాక్ విమానములు బీదరు చేరి దళమున ప్రవేశించినది 2008 ఫిబ్రవరిలో. సిఫారసునకును విమానమునకును నడుమ ఇరువదియాఱు సంవత్సరములు గడచిపోయినవి! సిఫారసు వ్రాసిన నాడు పుట్టిన శిశువు విమానము వచ్చునాటికి తానే అధికారియై యుండవచ్చును. ఆ నడిమి సంవత్సరములలో మెట్టు లేని నిచ్చెన నెక్కినవారు ఎవరి బిడ్డలు? మిగ్-21 విమానము 2025 సెప్టెంబరు 26వ తేదీన సేవనుండి విరమించెను. విమానమునకు వీడ్కోలు చెప్పితిమి. పాఠమునకు మాత్రము వీడ్కోలు చెప్పరాదు.

రెండవది. అభ్యర్థులు మొట్టమొదట నేర్చుకొను విమానముగా హెచ్.పి.టి.-32 అనునది చిరకాలము వాడుకలో నుండెను. 2009 జులై 31వ తేదీన మెదకు జిల్లాలో అట్టి విమానము కూలి ఇరువురు శిక్షకులు మరణించిరి. ఆపై ఆ విమానముల నన్నిటిని నేలకు కట్టివైచిరి. అప్పుడు రెండవ మెట్టునకు వాడవలసిన కిరణ్ జెట్ విమానము మీదనే ఓనమాలు దిద్దింపవలసి వచ్చెను. స్విట్జర్లండునుండి పిలాటస్ విమానములు వచ్చి దుండిగల్ నందు 2013 మే నెలలో ప్రవేశించువరకు ఇదే గతి. 2023 మార్చిలో మన దేశమున నిర్మించిన హెచ్.టి.టి.-40 విమానములు 70 కొనుటకు 6,828 కోట్ల రూపాయల వ్యయమునకు కేంద్ర మంత్రివర్గ సంఘము సమ్మతించెను. సంతోషము. అయితే అదే సంవత్సరము డిసెంబరు 4వ తేదీన తూప్రాను సమీపమున పిలాటస్ విమానమొకటి కూలి శిక్షకుడును శిక్షితుడును మరణించిరి. కొత్త విమానము కొనుటతోనే పని ముగియదని ఈ సంఘటన చెప్పుచున్నది.

ఈ రెండింట నున్న లోపము ఒక్కటే. ప్రశ్న ముందుగా వేయబడలేదు. వేసినను బదులు ముందుగా రాలేదు. ప్రమాదము జరిగిన పిదప విచారణ. విచారణ ముగిసిన పిదప సిఫారసు. సిఫారసు పిదప నిరీక్షణము. పరిశోధనను ముందుంచుటయన ఈ వరుసను తలక్రిందులు చేయుటయే.

ఇతర దేశములు ఈ పాఠమును ఎట్లు నేర్చినవో చూతము. వారును మొదట ప్రాణములు చెల్లించియే నేర్చిరి. మొదటి ప్రపంచయుద్ధమున శిక్షణలో ఎందరో యువకులు మడియుట చూచి, 1917లో రాబర్ట్ స్మిత్-బారీ అను అధికారి ఇంగ్లండునందలి గాస్పోర్టులో కొత్త పద్ధతి నెలకొల్పెను. ప్రమాదకరమైన స్థితిని శిక్షితునికి తెలియనీయక దాచుట కాక, శిక్షకుడు ప్రక్కనుండగా దానిలోనికి ప్రవేశపెట్టి, బయటపడు మార్గమును చేయించి చూపుట ఆ పద్ధతి. శిక్షకుని మాట వినబడుటకు ఒక గొట్టము నమర్చెను. ఆ చిన్న గొట్టము ఎన్ని ప్రాణములు నిలిపినదో!

1929లో ఎడ్విన్ లింక్ అను అమెరికా దేశస్థుడు, తండ్రి నడుపు వాద్యయంత్రముల కర్మాగారపు తిత్తులతోను గాలిగొట్టములతోను నేలమీద కదలాడు కృత్రిమ విమానము నిర్మించెను. మొదట దానిని ఉత్సవములలో ఆటవస్తువుగా చూచిరి. 1934లో అమెరికా సైన్యము తపాలా మోయు పనికి పూనుకొని, మబ్బులలో మీటలు చూచి నడుపు విద్య లేక కొన్ని వారములలోనే పలువురు పైలట్లను పోగొట్టుకొనిన తరువాత గాని ఆ ఆటవస్తువు విలువ వారికి తెలియలేదు. వస్తువు ముందే యుండెను. ప్రశ్న వేయువారు లేకపోయిరి.

ఎంపిక విషయమున వారు చేసిన పని మరింత గమనింపదగినది. 1941లో జాన్ ఫ్లానగన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుని నాయకత్వమున పరీక్షలు రూపొందించి, ఫలితములను తొమ్మిది మెట్లుగా విభజించిరి. అయితే ఆ పరీక్షలే సరియైనవని ఎట్లు తెలియును? తక్కువ మార్కులవారిని ముందే త్రోసివేసిన, వారు నెగ్గియుందురో లేదో ఎన్నటికిని తెలియదు గదా! అందుచేత 1943లో వేయిమందికి పైగా అభ్యర్థులను మార్కులతో నిమిత్తము లేకుండ అందరిని శిక్షణకు పంపి, కడవరకు కనిపెట్టి చూచిరి. మెట్టు పెరిగినకొలది నెగ్గినవారి పాలు పెరిగెను. దిగువ మెట్లవారిలో అత్యధికులు శిక్షణ ముగింపలేకపోయిరి. యుద్ధము మధ్య, మనుష్యులకు కరువున్న వేళ, తమ కొలబద్దనే కొలిచి చూచుకొను ధైర్యము వారికి కలిగెను. పరీక్ష పెట్టుట సులభము. పరీక్షకే పరీక్ష పెట్టుట పరిశోధన.

మేము న్యాయవాద వృత్తిలోనివారము గనుక మరియొక విషయము మాకు ప్రత్యేకముగ తట్టుచున్నది. ప్రమాదము జరిగిన తరువాత "పైలటు పొరపాటు" అని వ్రాసిన, దస్త్రము మూసివేయబడును. చనిపోయినవాడు బోనెక్కి జవాబు చెప్పుకొనలేడు. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనువారు అమెరికా వైమానిక దళమున అట్టి పొరపాట్లు 460 సేకరించి పరిశీలించిరి. ఒక మీటకు బదులు మరియొక మీట లాగుట వాటిలో తరచుగా కనబడెను. ఏలయన, మీటలు ఒకే ఆకారమున, ఒకదాని ప్రక్క నొకటి ఉండెను. ఒక రకపు విమానమున నున్న వరుస మరియొక రకమున లేదు. అంతకు ముందే అల్ఫాన్స్ చపానిస్ అను శాస్త్రజ్ఞుడు బి-17 విమానమున ఇదే దోషమును కనుగొనెను. నేలకు దిగిన పిమ్మట రెక్కల ఫలకములు ముడువబోయి చక్రములు ముడిచివేయుట జరుగుచుండెను. ఆయన చక్రముల మీటకు చక్రాకారపు పిడి, ఫలకముల మీటకు ఫలకాకారపు పిడి తగిలించెను. చేయి తాకగనే తెలిసెను. తప్పు మనిషిది కాదు, అమరికది. ముద్దాయిని మార్చినగాని నేరము ఆగలేదు.

ఇక రాబోవు ఇరువది సంవత్సరములకు మన దేశమున పరిశోధన ఏ దారుల నడువవలెనో మా బుద్ధికి తోచినంతవరకు మనవి చేయుచున్నాము. అవి ఐదు దారులు.

మొదటి దారి, రేపటి పని యేదో నేడు విడదీసి చూచుట. నిన్నటి పైలటునకు చేతినేర్పు ప్రధానము. నేటి విమానమున చాలభాగము యంత్రము తానే నడుపుకొనును. పైలటు తెరలను చదివి, శత్రుమిత్రులను గుర్తించి, క్షణములో నిర్ణయింపవలెను. మున్ముందు మనిషి లేని విమానములను వెంట నడిపించుకొని పోవు పనియు వానిదే కావచ్చును. ఈ పనులను వరుసగా వ్రాసి, ఏ పనికి ఏ గుణము కావలెనో తేల్చనిదే ఏ పాఠ్యక్రమమును నిలువదు. యంత్రము నడుపుచున్నది గదా, నేర్పు తగ్గినను చెల్లుననుట ప్రమాదము. 2009 జూన్ 1వ తేదీన అట్లాంటికు సముద్రముపై ఎయిర్ ఫ్రాన్సు విమానమున వేగమును కొలుచు గొట్టములలో మంచు చేరి స్వయంచాలక యంత్రము తప్పుకొనగా, చేతితో నడుపవలసివచ్చిన సిబ్బంది తికమకపడిరి. 228 మంది మరణించిరి. యంత్రము చేయి వదలిన క్షణమునకే శిక్షణ.

రెండవ దారి, శరీరము. ఆకాశమున మనిషి శరీరము మనిషికే అబద్ధము చెప్పును. మబ్బులో మెల్లగా ఒరగిన విమానమున కూర్చున్నవానికి తాను సమముగ నున్నట్లే తోచును. చెవిలోపలి సూక్ష్మనాళములు నెమ్మదియైన తిరుగుడును పసిగట్టలేవు. వేగముగ మలుపు తిరుగునప్పుడు బరువు తొమ్మిది రెట్లు కాగా, 70 కిలోల మనిషి 630 కిలోలు తూగును. రక్తము తలనుండి జారి, చూపు మసకబారి, స్పృహ తప్పును. ఈ విద్యకై 1957లో బెంగుళూరున వైమానిక వైద్య పాఠశాల నెలకొల్పిరి. నేడది అంతరిక్ష వైద్య సంస్థగా వర్ధిల్లుచున్నది. గగనయానమునకు వైమానిక దళపు పరీక్షా పైలట్లను అచ్చటనే వడపోసిరి. ఇక శరీరపు కొలతలు. మన వైమానిక దళమున పైలటు కావలెనన్న 162.5 సెంటీమీటర్ల ఎత్తు, 99 సెంటీమీటర్లకు తక్కువకాని కాలి పొడవు కావలెను. ఎవరి శరీరములను కొలిచి విమానపు గది కట్టిరో, వారికే అది చక్కగా అమరును. 1950లో అమెరికాలో నాలుగువేలకు పైగా పైలట్లను కొలిచి, గిల్బర్ట్ డేనియల్స్ అనునాతడు పది కొలతలలోను సగటున నున్నవారు ఎందరని చూడగా ఒక్కరును లేకపోయిరి. సగటు మనిషికి కట్టిన ఆసనము ఎవరికిని అమరదని దాని భావము. 2016 జూన్ 18వ తేదీన దుండిగల్ నందే ముగ్గురు యువతులు తొలిసారిగా యుద్ధవిమాన శాఖకు ఎంపికై పట్టము పొందిరి. రేపటి ఆసనమును కట్టువారు మన పల్లెల యువతీయువకుల కొలతలను చేర్చుకొని కట్టవలెను. ముందు కొలత, పిమ్మట గది. గది కట్టి మనిషిని త్రోసివేయరాదు.

మూడవ దారి, నేలమీది శిక్షణ ఎంత, నింగిలోని శిక్షణ ఎంత అను లెక్క. సిమ్యులేటరు చౌక, అందులో కూలిన ప్రాణము పోదు. 2018లో అమెరికా వైమానిక దళము ఆస్టిన్ నగరమున కండ్లకు తగిలించుకొను కృత్రిమ దృశ్యయంత్రములతో ఒక చిన్న తరగతిని నడిపి చూచెను. అయితే ఎన్ని గంటల కృత్రిమ విమానము ఒక గంట నిజవిమానమునకు సాటి? దీనికి ఊహ పనికిరాదు. రెండు జట్లు కావలెను: ఒక జట్టు నేలమీద కొంత నేర్చి పైకెక్కవలెను, మరియొక జట్టు తిన్నగా పైకెక్కవలెను, ఒకే ప్రమాణమునకు చేరుటకు ఎవరికెన్ని గంటలు పట్టినవో లెక్కింపవలెను. ఇట్టి పరిశీలనలు 1970ల నాటికే ఒక సత్యమును తేల్చినవి: నేలమీది మొదటి గంటలు మిక్కిలి లాభము నిచ్చును, తరువాతి గంటలు క్రమముగ తక్కువ నిచ్చును. మొదటి తడికి లేచినట్లు పైరు పదవ తడికి లేవదు, అధికమైన కుళ్లును. యంత్రము నిజవిమానము వలె ప్రవర్తింపకున్న అది చెడ్డ అలవాటును సైతము నేర్పును. ఈ లెక్క మన విమానములమీద, మన వాతావరణములో, మన శిక్షితులతో తేలవలెను. పరదేశపు వర్తకుని పత్రిక చూచి తేల్చుకొనరాదు.

నాలుగవ దారి, శిక్షకుడు. మంచి పైలటు మంచి గురువగునన్న నియమము లేదు. ఏ గురువు వద్ద నేర్చినవారు ఐదేండ్ల తరువాత ఎట్లున్నారో కనిపెట్టు దస్త్రము కావలెను. శిక్షితుని మొదటి దినమునుండి దళమున పదేండ్ల సేవవరకు తెగని దారముగ సాగు దస్త్రము లేనిదే పైన చెప్పిన యే పరిశోధనయు ఫలింపదు. ఇది ఖర్చు తక్కువ, ఓర్పు ఎక్కువ కావలసిన పని.

ఐదవ దారి ఎంపిక. ఇది మన గడపకు మిక్కిలి దగ్గరిది. పైలటు శాఖకు పోవు అభ్యర్థికి, మీటల ముఖములు చదువుట, చేతితోను కాళ్లతోను ఏకకాలమున గురిని నిలుపుట మొదలగువానిలో పరీక్ష యుండును. వెనుకటి పరికరముల పరీక్షకు బదులు ఢిల్లీయందలి రక్షణ మనస్తత్త్వ పరిశోధన సంస్థ కృషితో కంప్యూటరు పరీక్ష వచ్చినది. ఈ పరీక్షకు ఒక కఠిన నియమము కలదు: ఒకసారి తప్పినవానికి జీవితమున మరల అవకాశము లేదు. పరీక్ష సహజ శక్తిని కొలుచుచున్నచో నియమము న్యాయమే. శక్తి మాటిమాటికి మారదు గదా. అయితే చిన్ననాటినుండి కంప్యూటరు ఆటలతో చేయి సాగిన పట్టణపు బాలుడును, పరీక్ష గదిలోనే మొదటిసారి ఆ పిడిని పట్టుకొనిన పల్లె బాలుడును ఒకే తెర ముందు కూర్చున్నప్పుడు, ఆ తెర కొలుచునది శక్తినా, పరిచయమునా? ఈ ప్రశ్నకు వాగ్వాదము జవాబు కాదు, పరిశోధనయే జవాబు. పల్లెల అభ్యర్థులకు కొన్ని గంటలు అభ్యాసమిచ్చి, మరికొందరికి ఇయ్యక, ఇరువురి మార్కులను, పిదప శిక్షణలో వారి నడతను పోల్చి చూడవలెను. అభ్యాసముచేత మార్కులు పెరిగి, నడతయు బాగున్నచో, ఇంతకాలము మనము మేలిమి బంగారమును మట్టి అంటినదని పారవేయుచున్నామన్న మాట. పెరుగకున్నచో పరీక్ష సరియైనదని మనమే ఒప్పుకొని, ఆ నియమమునకు తలవంచవలెను. సాక్ష్యము ఎటు చెప్పిన అటు తీర్పు.

ఇచ్చట న్యాయశాస్త్రపు మాట యొకటి. ఇట్టి పరిశోధనలో శిక్షితుని గుండె కొట్టుకొనుట, కనుచూపు కదలిక, నిద్ర, భయము అన్నియు నమోదగును. 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు వ్యక్తిగోప్యత ప్రాథమిక హక్కని తీర్మానించెను. సైనికుల విషయమున హక్కులను పరిమితము చేయు అధికారమును రాజ్యాంగపు 33వ అధికరణము పార్లమెంటు కిచ్చినది, నిజమే. అయినను హక్కు మాట అటుంచి, ప్రయోజనము మాటయే చూడుడు. తన గుండె దడ తన ఉత్తీర్ణతకు ముప్పని తలచిన యువకుడు దానిని దాచును. దాచిన దడ పరిశోధనకు దొరకదు, ఆకాశమున మాత్రము బయటపడును. కావున పరిశోధన దస్త్రము వేరు, ఉత్తీర్ణతా దస్త్రము వేరుగ నుండవలెను. నిర్భయముగ చెప్పిన పొరపాటు పదిమందికి పాఠము. భయముచేత దాచిన పొరపాటు పదిమందికి గండము.

ఈ ప్రతిపాదనలకు మూడు ఆక్షేపణలు వినవచ్చును. రక్షణ విషయములు రహస్యములు, ప్రజలకేల యందురు. విమానము ఎంత దూరము పోవును, ఏ ఆయుధము మోయును అనునవి రహస్యములు కావలసినవే. మనిషి ఎట్లు నేర్చుకొనునన్నది రహస్యము కాదు. ఫ్లానగన్ సంఘపు నివేదికలను యుద్ధానంతరము సంపుటములుగ అచ్చువేసిరి, లోకమంతయు చదివెను. రెండవ ఆక్షేపణ ధనము. వేలకోట్లతో విమానములు కొనునప్పుడు, ఆ ధనములో స్వల్పభాగమును నేర్పు విధానమునకు వెచ్చించుట దుబారా కాదు. బావి త్రవ్వించి చేద కొనకపోవుటయే దుబారా. మూడవది, మున్ముందు విమానములు మనిషి లేకనే ఎగురును, పైలట్ల చింత యేల యని. మనిషి విమానమున కూర్చున్నను, నేలమీద తెర ముందు కూర్చున్నను, ప్రాణము తీయుటో నిలుపుటో నిర్ణయించువాడు మనిషియే. ఆ నిర్ణయమునకు శిక్షణ తగ్గదు, పెరుగును.

అయితే ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమునకు చెప్పి మనము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. గ్రామమున మన చేతిలోని పనులు కొన్ని కలవు. బడిలో ఏటేట కండ్ల పరీక్ష చేయించుట. చూపు మందగించిన సంగతి అభ్యర్థిగా నిలిచిన నాడు తెలియుట కంటె ఎనిమిదవ తరగతిలో తెలియుట మేలు. పిల్లలకు తగిన ఆహారము, ముఖ్యముగ ఆడపిల్లలకు; ఎత్తును తిండి లేమి కోసివేయుట మన కనుల యెదుట జరుగుచున్నది. గణితమును, భౌతికశాస్త్రమును కంఠపాఠముగ గాక చేతితో చేయించి నేర్పుట. 1962లో వెలసిన కోరుకొండ సైనిక పాఠశాల, 2014లో వెలసిన కలికిరి సైనిక పాఠశాల ప్రవేశపరీక్షల వివరములు గ్రంథాలయపు పలకపై వ్రాయించుట. ఆ పని మా స్వచ్ఛంద సేవకులు మేమే నెత్తిన వేసికొందుము. గ్రంథాలయమున ఒక కంప్యూటరును, అభ్యాసపు పిడిని ఉంచుటకు దాతలు ముందుకు రావలెనని ప్రార్థించుచున్నాము. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో మనస్తత్త్వ శాఖలు కలవు. అచ్చటి పండితులు వైమానిక దళముతో కలిసి ఈ ప్రశ్నలను చేపట్టవలెనని ఈ సభ తీర్మానించి పంపవచ్చును.

సోదరులారా, యుద్ధమును కోరువారము కాము. యుద్ధమే లేని దినము రావలెనని కోరుదుము. కాని దేశరక్షణకు మన బిడ్డను పంపితిమా, ఆ బిడ్డ శత్రువు చేత గాక మన అశ్రద్ధ చేత నేలకూలరాదు. వీరమరణమునకు మనము శిలాఫలకములు నిలుపుచున్నాము, మంచిదే. నివారింపదగిన మరణమునకు నిలుపదగినది శిలాఫలకము కాదు, ప్రశ్న. ఆ ప్రశ్నను బిడ్డ విమానమెక్కిన తరువాత గాక, బిడ్డ బడికి పోవుచున్న నాడే వేయుదము. వేసి, జవాబు వచ్చువరకు విడువకుందుము.